సోలో వయొలిన్ పక్కవాద్యమయ్యే చోటు

విజయనగరం

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. లైప్‌జిగ్‌లో చలి ఎలా ఉందో అని అమ్మ రోజూ బెంగపడుతోంది, ఆ కబుర్లు అమ్మతో ఫోన్లో చెప్పుకో. నేను రాస్తున్నది మీ ఊరి కచేరీ హాలు గెవాండ్‌హౌస్‌కి నువ్వు కొన్న టికెట్ గురించి. స్టూడెంట్ రేటుకి దొరికిందనీ, మెండెల్సన్ వయొలిన్ కన్సర్టో (సోలో వయొలిన్‌కీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన రచన) ఉందనీ ఏదో బస్ పాస్ సంగతి చెప్పినంత మామూలుగా చెప్పేశావు. నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. "అందులో ఏం వినాలి నాన్నా" అని నువ్వు అడగ్గానే లైన్ కట్టయింది. మంచిదే అయింది, ఇది ఫోన్లో తేలే విషయం కాదు.

కలకత్తాలో రైల్వే ఉద్యోగం చేసిన రోజుల్లో ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డులు కొనేవాణ్ణని నీకు తెలుసు. అందులో ఎక్కువగా అరిగింది ఈ కన్సర్టోయే. దీన్ని లోకం మొదటిసారి విన్నది మీ ఊళ్ళోనే, 1845 మార్చి 13న. వాయించింది కూడా మీ గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాయే. మెండెల్సన్ ఆ ఆర్కెస్ట్రాకి సంచాలకుడు, ఫెర్డినాండ్ డేవిడ్ అందులో మొదటి వయొలిన్. "నీ కోసం ఒక కన్సర్టో రాయాలని ఉంది, దాని మొదలు తలలో తిరుగుతూ నన్ను స్థిమితంగా ఉండనివ్వడం లేదు" అన్న అర్థం వచ్చేలా 1838లో డేవిడ్‌కి ఉత్తరం రాశాడు. రాయడం పూర్తయ్యేసరికి 1844 వచ్చింది. తీరా కచేరీ నాటికి మెండెల్సన్‌కి ఒంట్లో బాగాలేక నీల్స్ గాదె నడిపించాడు. నువ్వు వెళ్ళే భవనం 1981లో కట్టింది. మొదటిది ఎప్పుడో పోయింది, రెండోది యుద్ధంలో బాంబులకి పోయింది. మెండెల్సన్ యూదు కుటుంబంలో పుట్టాడని 1936లో నాజీలు అక్కడున్న ఆయన విగ్రహాన్ని కూడా పీకేశారు. 2008లో అలాంటిదే మళ్ళీ చేయించి సెంట్ థామస్ చర్చి దగ్గర పెట్టారు. అటు వెళ్ళినప్పుడు ఒక ఫోటో తీసి పంపు.

ఇక వినడం సంగతి. అంతకు ముందు కన్సర్టోల్లో ఆర్కెస్ట్రా ముందు చాలాసేపు వాయించేది, సోలో మనిషి చేతులు కట్టుకుని నిలబడేవాడు. బెథోవెన్ వయొలిన్ కన్సర్టోలో డ్రమ్ము మీద మెల్లగా దెబ్బలు పడి మొదలయ్యాక మూడు నిమిషాల దాకా వయొలిన్ పలకదు. మెండెల్సన్ అలా కూర్చోబెట్టడు. ఆర్కెస్ట్రా ఇలా కదిలిందో లేదో వయొలిన్ పై స్థాయిలో అసలు బాణీ ఎత్తేసుకుంటుంది. కాబట్టి ఆలస్యంగా వెళ్ళి సీటు వెతుక్కోకు.

అందరూ దాని వేగం గురించి, తియ్యదనం గురించి చెబుతారు. నాకిష్టమైనవి వేరే రెండు చోట్లు. మొదటి భాగంలో హడావుడి అంతా తగ్గి వయొలిన్ కిందికి, ఇంకా కిందికి దిగి, తన నాలుగు తీగల్లో అట్టడుగు తీగ మీద ఒకే స్వరం పట్టుకుని ఆగిపోతుంది. దాని మీద క్లారినెట్లు, ఫ్లూట్లు రెండో బాణీ పాడతాయి. టికెట్ కొన్నవాళ్ళంతా ఎవరి కోసం వచ్చారో ఆ మనిషి అప్పుడు శ్రుతి వేస్తూ నిలబడతాడన్నమాట!

రెండోది కాడెంజా దగ్గర. కాడెంజా అంటే మన కచేరీలో తని ఆవర్తనం అనుకో. అందరూ ఆగిపోయి ఒక్కరికే వదిలేస్తారు. మన మృదంగం ఆయన ముక్తాయింపు వేయగానే పాట అందుకున్నట్టు, అక్కడ సోలో మనిషి ఒక పొడుగాటి కంపిత స్వరంతో సైగ ఇస్తే ఆర్కెస్ట్రా ధాటిగా అందుకుంటుంది. అది భాగం చివర్లో రావడం రివాజు. ఏం వాయించాలన్నది చాలావరకు వాయించేవాళ్ళ ఇష్టం. మెండెల్సన్ ప్రతి స్వరమూ తనే రాసేశాడు, దాన్ని భాగం మధ్యలోకి జరిపేశాడు. చివర్లో కమానుని తీగల మీద వదిలినట్టు వేస్తే అది తనంతట తనే చిన్నచిన్నగా ఎగురుతూ నాలుగు తీగల మీదా అటూ ఇటూ పోతుంది. అది ఆగకుండానే ఫ్లూటు, ఓబో అనే ఊదే వాద్యం, ఆర్కెస్ట్రా వయొలిన్లు మెల్లిగా మొదటి బాణీ ఎత్తుకుంటాయి. ఎవరూ సైగ ఇవ్వలేదు, ఎవరూ చప్పట్లు అడగలేదు. తని ఎక్కడ అయిందో, పక్కవాద్యం ఎక్కడ మొదలైందో పట్టుకోలేవు. నేను ఇన్నేళ్ళుగా పట్టుకోలేదు.

నా చెవికి ఇదే ముందు ఎందుకు దొరికిందంటే మన ఊరు అలాంటిది. వయొలిన్ అంటే పాటకి పక్కవాద్యమే అనుకునే రోజుల్లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు దాన్ని సోలో కచేరీకి తెచ్చారు. మహారాజా వారి సంగీత కళాశాలలో ఆయన పాఠం చెప్పిన ఊళ్ళో పుట్టినవాళ్ళం. పక్కన వాయించడం తక్కువ పని అని మాకెవరూ చెప్పలేదు.

మొదటి భాగం అవగానే చప్పట్లు కొట్టకు. ఆ రోజుల్లో కొట్టేవారు. మెండెల్సన్ దానికీ ఉపాయం చేశాడు: అందరూ ఆగినా బసూన్ అనే మంద్రంగా పలికే ఊదే వాద్యం ఒక్కటీ తన స్వరం వదలదు, అక్కడి నుంచి అర మెట్టు పైకెక్కి రెండో భాగంలోకి దారి తీస్తుంది. మనవాళ్ళలా మధ్యలో "భళా" అంటే మాత్రం పక్క సీటువాళ్ళు నిన్ను బయటికి పంపించినా ఆశ్చర్యం లేదు.

ఇది నచ్చితే తర్వాత బ్రామ్స్ వయొలిన్ కన్సర్టో విను. అదీ మీ ఊరి సరుకే. 1879 జనవరి 1న యోసెఫ్ యోఅఖిమ్ వాయించాడు, బ్రామ్స్ స్వయంగా నడిపించాడు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు అదే ఊళ్ళో బ్రామ్స్ తన మొదటి పియానో కన్సర్టో వాయిస్తే జనం ఈసడించుకున్నారు. అయినా మళ్ళీ అక్కడికే వచ్చాడు చూడు. ఈ వయొలిన్ కన్సర్టో రెండో భాగం మొదట్లో మంచి బాణీ అంతా ఓబోకే ఇచ్చాడు. ఆ ఓబో అసలు బాణీ పాడుతుంటే వయొలిన్ చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడమంటారా అని సరసాతే అనే స్పానిష్ విద్వాంసుడు దీన్ని వాయించనన్నాడని చెబుతారు. ఆయన గొప్పవాడే, కానీ నేను ఓబో పక్షం.

ద్వొజాక్ చెల్లో కన్సర్టో మాత్రం (చెల్లో అంటే వయొలిన్ జాతిదే, పెద్దది) తీరిక ఉన్న రోజున విను, పరీక్షల ముందు వద్దు. న్యూయార్క్‌లో ఉండగా 1894-95లో రాశాడు. ఇంటికి తిరిగి వచ్చాక వదినగారు యోసెఫీనా పోయింది, ఒకప్పుడు ఆయన మనసుపడిన మనిషి. అప్పుడు ముగింపు మార్చాడు. చెల్లో విద్వాంసుడైన స్నేహితుడు అక్కడ తన కాడెంజా పెట్టమంటే ససేమిరా అన్నాడు. చెల్లో వెనకటి భాగాల్లోవి ఒక్కొక్కటే తలుచుకుంటూ సన్నగిల్లిపోతుంది, ఆఖరి మాట ఆర్కెస్ట్రాది. రాత్రి నేనిది పెడితే మీ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఆవిడకి మోజార్ట్ క్లారినెట్ కన్సర్టో కావాలి, అందులోనూ నెమ్మదిగా సాగే రెండో భాగమే. ఆయన 1791లో, పోయే ముందు కొద్ది వారాల్లో రాశాడు. ఆ సంగతి చెబితే అమ్మ ఒప్పుకోదు, "పోయేవాడు ఇంత ప్రశాంతంగా ఎలా రాస్తాడండీ" అంటుంది.

సీటు ఎక్కడొచ్చినా పర్వాలేదు. ఆ హాల్లో ఆర్కెస్ట్రా వెనక కూడా సీట్లుంటాయి, అక్కడైతే బసూన్ దగ్గరగా వినిపిస్తుంది. నాకు ఒక్క పని చేసిపెట్టు. కాడెంజా చివర ఆ కమాను ఎగిరే చోట, ఆర్కెస్ట్రా బాణీ అందుకునేటప్పుడు, సోలో వాయించే మనిషి జనం వైపే చూస్తారో, ఆర్కెస్ట్రా వైపు తిరుగుతారో చూసి రాయి. యూట్యూబులో వెతికాను గానీ, కెమెరా సరిగ్గా అప్పుడే వేళ్ళ మీదికి వెళ్ళిపోతోంది.

నాన్న