తలకిందులైంది కత్తి కాదు, నేను

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, పడతాను. ఇక్కడ టోక్యోలో అందరం క్షేమం. చిన్నదానికి జ్వరం తగ్గింది, నిషి-కసాయ్‌లో గోంగూర పచ్చడి దొరికింది, ఉద్యోగం ఇంకా ఉంది. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి విను.

మొన్న ఆదివారం, వానలో, ర్యోగొకులో ఉన్న జపాన్ కత్తుల మ్యూజియానికి వెళ్లాను. వెంట మా ఆఫీసు జపాన్ కుర్రాడు. ఒక అద్దాల పెట్టెలో పొడవాటి కత్తి, పదును కిందికి. పక్కదాంట్లో పదును పైకి. నా నోరు ఊరుకుంటుందా? "తలకిందులుగా పెట్టేశారు!" అన్నాను, వచ్చీరాని జపనీస్‌లో, గట్టిగా. ఓ ముసలాయన తిరిగి చూసి ఊరుకున్నాడు.

బయటికొస్తుంటే గొడుగుల దగ్గర పట్టుకున్నాడురా! తన గొడుగు తీసి, "ఈ వంకీయే పదును అనుకో" అన్నాడు. వంకీ కిందికి ఉండేలా నడుము పక్కన వేలాడదీసి, "ఇది తాచి." గుర్రం మీద వెళ్లేవాళ్లు తాళ్లతో వేలాడగట్టుకునేది. తర్వాత వంకీ పైకి తిప్పి బెల్టులోకి దోపి సర్రున లాగాడు. "ఇది కతానా." దూయడం, నరకడం ఒకే ఊపులో అయిపోతాయి. కట్టుకునే తీరులోనే పెట్టెలో పెడతారట. మా కుర్రాడు నవ్వాపుకోలేక ఛస్తున్నాడు. నాకేమో నీ తాండ్ర పాపారాయుడి వేషం, ఒరలోంచి రాని ఆ అట్టకత్తి గుర్తొచ్చాయి. మొలతాడు సంగతి రాయనులే, ఒట్టు వేశాను కదా.

ఇంకోటి. పిడి లోపల దాగే ఇనుప భాగం మీద కమ్మరి తన పేరు చెక్కుతాడు, కట్టుకున్నప్పుడు బయటికి ఉండే వైపున. అందుకే పేరు ఏ వైపుందో చూసి తాచో కతానో మామూలుగా పోల్చుకోవచ్చు. తర్వాతి కాలంలో పాత తాచిలను కతానాల్లా కట్టుకోవాలని అడుగు నుంచి కోసి పొట్టి చేశారట. కొన్నిటికి దాంతో పాటే పేరూ పోయింది. అది విని మనసు చివుక్కుమంది. మా అమ్మ పాత బిందెలు మార్చిన రోజు, తాత పేరు కొట్టించింది కూడా... సరేలే.

పొట్టిది వకిజాషి, 30 నుంచి 60 సెంటీమీటర్లు. ఎవరింటికైనా వెళితే సమురాయ్ యోధుడు పెద్దది వదిలేసి ఇదొక్కటే నడుముకు ఉంచుకునేవాడు. వర్తకులకూ ఇది పెట్టుకునే వీలుండేది. ఇక కత్తికి వంపు సుత్తి దెబ్బలతోనే రాదట, ముందు మట్టి పూసి, కాల్చి నీళ్లలో ముంచితే... అబ్బ, అది ఇంకో ఉత్తరం.

అన్నిటికంటే చిన్నది తాంతో, మన బాకు లాంటిది. ర్యోగొకులోనే సుమో కుస్తీలు జరుగుతాయి కదా, అక్కడ అందరికంటే పెద్ద రెఫరీ నడుముకు ఇప్పటికీ తాంతో ఉంటుంది. తీర్పు తప్పితే కడుపు చీల్చుకుంటాననడానికి గుర్తు! మన కబడ్డీలకు నువ్వు రెఫరీగా ఉన్న రోజుల్లో నీ చేతికి అదొకటి ఇచ్చి ఉంటే, ఆ సంక్రాంతి ఫైనల్ తర్వాత నువ్వు

ఒరేయ్, మేనేజరు పిలుస్తున్నాడు, లంచ్ అయిపోయింది. ఉంటాను.

నీ
బుజ్జి