శీనుగాడికి, ఆ దీపావళికి ఎందుకు రాలేదో

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్ రా, అమ్మ మోకాలి ఆపరేషన్ తర్వాత మెట్లు ఎక్కగలుగుతోందా? మొన్న ఫోన్‌లో మాటల మధ్య అన్నావ్ చూడు, 2022 దీపావళికి నువ్వు రాలేదు, మీ నాన్నగారు ఒక్కరే అరుగు మీద కూర్చుని ప్రమిదలు వెలిగించుకున్నారు అని, ఆ మాట నన్ను పట్టేసింది. ఆ రోజు "డ్యూటీ ఉంది రా" అని పెట్టేశా గానీ అసలు విషయం నీకు చెప్పలేదు. ఫోన్‌లో చెప్తే తేలదు, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

అక్టోబర్ 9, ఆదివారం, ఆశ్వయుజ పౌర్ణమి. సాయంత్రం 6.47. ఆ టైమ్‌కి మన ఊళ్ళో డాబా ఎక్కి తల ఎత్తితే శ్రవణా నక్షత్రం ఉంటుంది కదా, దానికి కాస్త పైన, దాదాపు మన నడినెత్తిన, ఒక గామా కిరణాల పేలుడు వెలుగు వచ్చి భూమిని తాకింది. కంటికి ఏమీ కనపడదు. ఫెర్మీ శాటిలైట్ పట్టుకుంది, ముందు చిన్నగా మొదలై మూడు నాలుగు నిమిషాలకి అసలుది వచ్చింది, అది ఎంత గట్టిగా వచ్చిందంటే డిటెక్టర్లు లెక్కపెట్టలేక నిండిపోయాయి. మనుషులు చూసిన ఇలాంటి పేలుళ్ళలో ఇంత వెలుగున్నది ఇంకోటి లేదు, పదివేల ఏళ్ళకి ఒకసారి వస్తుందని తర్వాత లెక్కకట్టారు. దాని పేరు జీఆర్బీ 221009ఏ, పేరంటే వచ్చిన తేదీనే.

అది బయల్దేరింది దాదాపు 200 కోట్ల ఏళ్ళ కిందట రా. సూర్యుడి కంటే ఎన్నో రెట్లు బరువున్న నక్షత్రం లోపలికి కూలిపోయి బ్లాక్ హోల్ అయితే, దాన్నుంచి సన్నటి ధార ఒకటి దాదాపు కాంతి వేగంతో బయటికి చిమ్ముతుంది, ఆ ధార సరిగ్గా మనవైపు తిరిగి ఉంటేనే మనకి గామా కిరణాలు కనపడతాయి. పేలుడు కొన్ని నిమిషాలే. కానీ ఆ ధార చుట్టుపక్కల గ్యాస్‌ని గుద్దుకుంటూ పోతుంది చూడు, అప్పుడు పుట్టే వెలుగు రోజుల తరబడి నిలుస్తుంది. దాన్ని ఆఫ్టర్‌గ్లో అంటాం, నేను చూసింది దాన్నే.

నేను కూర్చునేది బెంగళూరు పక్కన హోసకోటలో, టెలిస్కోప్ ఉండేది లడఖ్‌లో హాన్లే దగ్గర, 4500 మీటర్ల ఎత్తున. రెండు మీటర్ల అద్దం, హిమాలయన్ చంద్ర టెలిస్కోప్. ఇక్కణ్ణుంచి శాటిలైట్ లింక్ మీద నడుపుతాం, అక్కడ ఉన్నవాళ్ళు గడ్డకట్టే చలిలో కెమెరాకి లిక్విడ్ నైట్రోజన్ పోస్తారు.

ఆ మొదటి రాత్రి జరిగిందే నాకు ఇప్పటికీ తీరలేదు. స్విఫ్ట్ అనే ఇంకో శాటిలైట్ 7.40కి, అంటే ఫెర్మీ కంటే యాభై మూడు నిమిషాలు ఆలస్యంగా దాన్ని చూసి, పాలపుంత పక్కనే ఉంది కాబట్టి మన గెలాక్సీలోదే ఏదో ఎక్స్-రే నక్షత్రం ఎగసిపడింది అనుకుని అలాగే పేరు పెట్టింది. మేమూ అలాగే అనుకున్నాం. మనవాడే, పారిపోతాడా, రేపు చూద్దాం అనుకున్నాం. అర్ధరాత్రి దాటాక రెండు శాటిలైట్లు చూసింది ఒకటేనని తేలేసరికి అది హాన్లేలో కొండల వెనక్కి దిగిపోయింది.

ఒక్క రాత్రి పోతే ఏమైందిలే అంటావేమో. ఆఫ్టర్‌గ్లో ఆరే తీరు వేరు రా. పేలిన గంటకి ఎంత ఉందో పది గంటలకి అందులో సుమారు పదో వంతు ఉంటుంది, ఆ పదో వంతులో పదో వంతుకి రావడానికి వంద గంటలు పడుతుంది. అంటే మొదటి గంటల్లో జరిగేది తర్వాత నాలుగు రోజుల్లో జరిగేదాంతో సమానం. ఆ గంటలు ఎవరు చూస్తే వాళ్ళవే, రెండోసారి రావు.

పదో తారీఖు సాయంత్రం టైమ్ అసలు మాది కాదు, వేరే ప్రాజెక్ట్ చేస్తున్న ఒకావిడది. సంగతి చెప్పగానే "తీసుకోండి, నా గెలాక్సీలు ఎక్కడికీ పోవు" అంది, ఆ మాటకి ఆవిడకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటా. చీకటి పడీ పడకముందే టెలిస్కోప్ తిప్పాం. పాలపుంత వైపు కదా, స్క్రీన్ నిండా ఇసక చల్లినట్టు చుక్కలే. ఆకాశంలో అదే చోటుకి ఇంతకుముందు తీసిన పాత సర్వే ఫోటో ఒక పక్క, మాది ఒక పక్క పెట్టుకుని మార్చి మార్చి చూశాం. అది, ఇది, అది, ఇది... ఒకచోట పాతదాన్లో ఖాళీ, మాదాన్లో చుక్క. ఆపరేటర్ అన్న వేలు స్క్రీన్‌కి ఆనించి అలాగే ఉంచేశాడు, తీస్తే పోతుందేమో అన్నట్టు. నాకు గొంతు పట్టేసింది శీనూ.

ఇంకో ఇబ్బంది, మన పాలపుంత దుమ్ము అడ్డం. సాయంత్రం సూర్యుడు ఎర్రబడ్డట్టే దీని నీలం వెలుగంతా దుమ్ము మింగేసింది, అందుకే ఎక్కువగా ఎరుపుకి అవతల ఐ ఫిల్టర్‌లో తీశాం. అదే దుమ్ము ఎక్స్-రేలని చెదరగొడితే దాని చుట్టూ ఇరవై దాకా ఉంగరాలు కనపడ్డాయి, నీళ్ళలో రాయి వేసినట్టు రోజురోజుకీ పెద్దవవుతూ. ఆ ఫోటో నెట్‌లో దొరుకుతుంది, తప్పకుండా చూడు.

ఆ తర్వాత రోజూ ఇదే పని. మొదటి రోజు మూడు నిమిషాల ఎక్స్‌పోజర్‌కి చక్కగా వచ్చింది, వారానికి అరగంట కావాల్సొచ్చింది. దీపావళి అక్టోబర్ 24. చంద్రుడు పూర్తిగా తగ్గి ఆకాశం నల్లగా అయిన రాత్రులు అవే, పౌర్ణమి నాడు వచ్చిన వెలుగు సన్నబడేకొద్దీ చీకటి మాకు సాయం వచ్చింది. ఆ రాత్రి వదిలేస్తే ఆ గ్రాఫ్‌లో ఆ చుక్క ఎప్పటికీ ఖాళీయే. నాన్న అక్కడ ప్రమిదల్లో నూనె పోస్తున్న టైమ్‌కి నేను ఇక్కడ అయిదేసి నిమిషాల ఫ్రేములు పన్నెండు తీస్తున్నా. రానందుకు బాధ ఉంది, ఉన్నందుకు మాత్రం లేదు, అదే నీకు చెప్పాలనుకున్నా.

నవంబర్ వచ్చేసరికి అది సాయంత్రం తొందరగా దిగిపోయేది, సూర్యుడు దగ్గరవుతున్నాడు కదా, అటు వెలుగూ తగ్గె ఇటు టైమూ తగ్గె. ఇక మావల్ల కాలేదు. ఆరు నెలలకి జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూస్తే ఆ వెలుగు కింద సూపర్నోవా, అంటే ఆ నక్షత్రం పేలిన వెలుగు, దొరికింది, ఇంత పెద్ద పేలుడుకి అది మాత్రం మామూలుదే. బంగారం లాంటి బరువు మూలకాలు అక్కడ పుడతాయేమోనని వెతికారు, ఆ ఆనవాళ్ళు లేవు. మరి బంగారమంతా ఎక్కడ తయారైందన్నది ఇంకా తేలాల్సిందే, నాకు దానిమీదే ధ్యాస ఇప్పుడు.

దీపావళి రాత్రి ఫ్రేములు పన్నెండూ కలిపి ప్రింట్ తీయించి ఈ కవర్‌లోనే పెట్టా. నువ్వు చూశాక నాన్నకి ఇవ్వు, ఆయన కళ్ళజోడు పెట్టుకునేదాకా ఆగు. ఎర్ర పెన్నుతో గుండ్రం గీశా, అందులో కుడివైపు పెద్ద చుక్క కాదు, దానికి ఎడం పక్కన పొడిలాగా ఉంది చూడు, అదీ.

నీ
రాజా