బాపు చెప్పిన ఉత్తరం

హన్మకొండ
ఆదివారం పొద్దుగాల

సదానందం,

మంచిగున్నవా రా? చెల్లె మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్ల చెప్పే ముచ్చట కాదిది, అందుకే కూసోని రాస్తున్న.

రిటైర్మెంటు కాయిదాల కోసం నిన్న సందుగ తీసిన. డిగ్రీ మెమోల నడుమ ఒక నీలం ఇన్‌లాండు లెటరు దొరికింది. గుండ్రటి అక్షరాలు చూడంగనే నీ రాత అని గుర్తువట్టిన. బాపు చెప్తాంటే హాస్టలు మెట్ల మీద కూసోని నువ్వు రాసిన ఉత్తరం రా అది. ఐఏఎస్ ఆఫీసరు శంకరన్ సారుకు.

యాదికొచ్చిందా? 1987 డిసెంబర్ ఆఖర్ల తూర్పుగోదావరి ఏజెన్సీల, గుర్తేడు కాడ, పీపుల్స్‌వార్ నక్సలైట్లు, మనం అన్నలనేటోళ్లు, సారును, ఇంకొందరు ఐఏఎస్ ఆఫీసర్లను పట్టుకపోయిన్రు. రేడియోల వార్త ఇన్న కాడికెల్లి బాపు ముద్ద ముట్టలేదని అమ్మ చెప్పింది. విడిచిపెట్టిన్రని తెలిసినంక నాలుగు దినాలకే బస్సెక్కి మన హాస్టలుకు వచ్చిండు. "పెద్దసారుకు కాయిదం రాయాలె, మీల ఎవని రాత మంచిగుంటది?" అన్నడు. నేను నిన్ను చూపిచ్చిన.

బాపు సారును ఎన్నడు చూడలేదు. 1976ల నేను ఐదో తరగతిల ఉన్న. తాత పెండ్లికి తెచ్చిన 300 రూపాయల అప్పు కింద బాపు అప్పటికి పద్దెనిమిదేండ్లు జీతమున్నడు. కుంచాలతోని కొలిచి పోసే జొన్నలు, ఏడాదికొక గొంగడి, కిర్రు చెప్పుల జత, గంతే. ఆ ఏడు వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. ఆఫీసాయన ఒకాయన మా వాడకట్టుకొచ్చి, ఏపచెట్టు కింద నిలవడి చదివి చెప్పిండు: అప్పు మొత్తం రద్దు, తాకట్టు వెట్టింది వాపసియ్యాలె, ఉన్న గుడిసెలకెల్లి ఎవ్వలను ఎల్లగొట్టొద్దు. "ఈ చట్టం ఊరూరికి చేరాలెనని హైదరాబాదుల శంకరన్ సారు నిద్రపోతలేడు" అన్నడట. ఆ ఒక్క పేరును బాపు పానం పోయేదాక పట్టుకున్నడు. నన్ను గురుకుల పిల్లలకు చదువు చెప్పే పనిల చేర్చిన నాడు, ఆ బడులు పెట్టిచ్చిన దాంట్ల సుత సారు చెయ్యున్నదని చెప్తే, ఏమనలే, గేటును ఒక్కసారి చేత్తోని ముట్టిండు.

ఉత్తరంల ఏమున్నదో రాస్తున్న, నీ రాతనే నీకు మళ్ల చెప్తున్న.

"సారూ, దండాలు. నిన్ను పట్టుకపోయిన్రని ఇని మా వాడకట్టుల ఆ రాత్రి పొయ్యి ముట్టియ్యలే. నువ్వు పెండ్లి చేసుకోలేదట గదా, నీ జీతమంత పిల్లల చదువులకే పోతదట గదా. మరి బువ్వ ఎవలు పెడుతున్నరు? పండుగకు మా ఇంటికి రా. సకినాలు చేస్తరు. మా ఇంట్ల నీకొక కంచమున్నది."

సదా, మన దిక్కు ఆఫీసరుకు కాయిదం రాసిన్రంటే అది దరఖాస్తే. పింఛనో, పట్టానో, బోరింగో, ఏదో ఒకటి అడిగేదే. బాపు అడగలే, సారునే బువ్వకు పిలిచిండు. నాకు ఇయ్యాల అది ఎంత పెద్ద మాటనో సమజైతున్నది. అప్పుడు కాలే. "గిట్ల రాస్తే సారు ఏమనుకుంటడు" అని నేను మంచి కాయిదం మీద "మహారాజశ్రీ" అని మొదలువెట్టి పుస్తకాల భాషల తిరగరాసిన గదా. బాపు ఇని, "గిది నా మాట కాదు బిడ్డా, సదానందం రాసిందే ఏసెయ్" అన్నడు.

నీకు చెప్పనిది ఒకటున్నది. నేను ఏయలే. పరీక్షలన్న, అడ్రసు దొరకలేదన్న, ఇంక ఏదో అన్న. అటెన్క బాపు అడిగితే "ఏసిన బాపు" అని అబద్ధమాడిన. బాపు నమ్మిండు. 1997ల కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీ అని పెట్టి, ఇటు సర్కారుతోని అటు అన్నలతోని సారు మాట్లాడవడితే, "పట్టుకపోయినోళ్లతోనే కూసోని మాట్లాడవట్టె, గట్లాంటి మనిషి మన ఉత్తరం చదవకుంట ఉంటడా" అన్నడు. మన ఊర్లల్ల ఎన్‌కౌంటర్ల పీనుగలు ఎడ్లబండ్ల మీద వచ్చిన రోజులవి, బాపుకు ఆ మాటల విలువ తెల్సు. 2005ల సారు పద్మభూషణ్ వద్దన్నడంటే ఊరంత తిరిగి చెప్పిండు. 2010 అక్టోబర్‌ల సారు పోయిండని పేపర్ల వచ్చిన నాడు ఇగ చాన సేపు మాట్లాడలే. మాపటికి ఒక్కటే అడిగిండు: "మన ఉత్తరం చదివిండంటవా కొమురెల్లీ?"

చదివే ఉంటడు బాపు, అన్న.

నిరుడు బాపు పోయేటప్పుడన్న చెప్తనేమో అనుకున్న. నోరు రాలే.

నిన్న ఆ ఇన్‌లాండు లెటరును మూడుసార్లు చదివిన. కింద మడతకు చెదలువట్టింది. "మా ఇంట్ల నీకొక కంచమున్నది" అన్నంక, "సారూ, ఒక్కటి అడుగుత, కాదనకు" అని ఉన్నది. ఆడికే తెగింది. మిగిలిన రెండు మూడు వరుసలు పొడి పొడి. ఏమడిగిండో నాకు ఎంత గుంజుకున్నా యాదికొస్తలేదు. అప్పుడు నేను చాయకు పోయినట్టున్న.

రాసినోనివి నువ్వు. నీకు తప్పకుంట యాదికుంటది. పూర్తి వాక్యం కాకున్నా సరే, ఏది యాదికొస్తే అది రాసి పంపియ్యి. బాపు ఎట్ల అన్నడో అట్లనే రాయి, సక్కగ దిద్దకు.

చెల్లెను, పిల్లలను అడిగినట్టు చెప్పు.

నీ
కొమురెల్లి