విదేశాల్లో మెషిన్‌ ‘రూపాయల్లో కడతారా’ అంటే వద్దనండి

సంపాదకుడికి,

అమెరికాలో పిల్లల దగ్గరికి బయలుదేరే తల్లిదండ్రులకూ, సెలవుల్లో దుబాయ్‌, సింగపూర్‌, బ్యాంకాక్‌ చుట్టి వచ్చే కుటుంబాలకూ మన హైదరాబాద్‌లో కొదవ లేదు. వీసా, టికెట్లు, సూట్‌కేసు బరువు అన్నీ పదిసార్లు సరిచూసుకుంటారు. జేబులోని కార్డు అక్కడ ఎలా పనిచేస్తుందో మాత్రం ఎవరూ అడగరు, బ్యాంకులూ చెప్పవు. దానివల్ల ఊరికే పోయే డబ్బు గురించే ఈ ఉత్తరం.

దుబాయ్‌ మాల్‌లో 400 దిర్హమ్‌ల బిల్లు అయిందనుకుందాం. కార్డు పెట్టగానే అది భారతీయ బ్యాంకుదని మెషిన్‌కు తెలిసిపోతుంది. తెర మీద రెండు వరుసలు వస్తాయి: ఒకదాంట్లో 400 దిర్హమ్‌లు, రెండోదాంట్లో అదే మొత్తం రూపాయల్లో. లెక్క మనకు అర్థమయ్యేలా ఉంది కదా అని చాలామంది రూపాయలే నొక్కుతారు. దెబ్బ తగిలేది అక్కడే. ఆ రూపాయల రేటు కట్టింది మీ బ్యాంకు కాదు, కార్డు నెట్‌వర్క్‌లైన వీసా, మాస్టర్‌కార్డ్‌ కూడా కాదు. దుకాణానికి మెషిన్‌ ఇచ్చిన సంస్థ తన లాభం కలుపుకొని కట్టిన రేటది. దీన్నే డైనమిక్‌ కరెన్సీ కన్వర్షన్‌ అంటారు. ఆ లాభంలో దుకాణానికీ వాటా ముట్టవచ్చు. కొన్నిచోట్ల క్యాషియరే మనల్ని అడగకుండా రూపాయల బటన్‌ నొక్కేసి, పిన్‌ కొట్టమని మెషిన్‌ చేతికిస్తాడు.

లెక్క సులువు కోసం దిర్హమ్‌ 24 రూపాయలనుకోండి. 400 దిర్హమ్‌లంటే 9,600. దిర్హమ్‌లలోనే కడితే, 3.5 శాతం ఫారెక్స్‌ మార్కప్‌ (విదేశీ కరెన్సీ మార్పిడికి మన బ్యాంకు వేసే రుసుము) తీసుకునే కార్డుకు 336 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 60, మొత్తం 9,996 అవుతుంది. రూపాయల్లో కడితే, మెషిన్‌ సంస్థ 6 శాతం వేసుకుందనుకున్నా 10,176 అక్కడే అయిపోతుంది. పైగా రూపాయల్లో కట్టినా వ్యాపారి విదేశంలోనే ఉన్నాడు కాబట్టి మన బ్యాంకుల్లో కొన్ని మరో 1 శాతం, దాని మీద జీఎస్టీ వేస్తాయి. చివరికి 10,296. ఒక్క బిల్లు మీద 300 రూపాయల తేడా. హోటల్‌ బిల్లుకు ఇది వేలల్లోకి పోతుంది.

కాబట్టి పిన్‌ కొట్టే ముందు తెర మీద ఏ కరెన్సీ ఉందో చూడండి. రూపాయల స్లిప్‌ వచ్చేసినా అక్కడే నిలబడి దాన్ని ‘వాయిడ్‌’ (రద్దు) చేసి మళ్లీ స్థానిక కరెన్సీలో గీకమని అడగండి. అదే రోజు, కౌంటర్‌ లెక్క మూసేలోపు అది సులువు. ఇల్లు చేరాక బ్యాంకుతో వాదిస్తే, స్లిప్‌ మీద మీ అంగీకారం అచ్చయి ఉంటుంది.

ఏటీఎంలలో ఇంకాస్త ఇబ్బంది. రేటు చూపించి ‘యాక్సెప్ట్‌’, ‘డిక్లైన్‌’ అని రెండే ఇస్తుంది. డిక్లైన్‌ నొక్కితే డబ్బే రాదేమోనని భయపడి యాక్సెప్ట్‌ నొక్కేస్తారు. మీరు వద్దంటున్నది మార్పిడిని మాత్రమే. నోట్లు మామూలుగానే వస్తాయి, రేటు మీ కార్డు నెట్‌వర్క్‌ కడుతుంది. ఆ ఏటీఎం సొంత ఫీజు, మన బ్యాంకు ఫీజు ఎలాగూ తప్పవు కాబట్టి చిన్న మొత్తాలు పదేపదే తీయకండి. క్రెడిట్‌ కార్డుతో మాత్రం నగదు తీయనే వద్దు, వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది.

ఇక బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి. రిజర్వ్‌ బ్యాంక్‌ నిబంధన ప్రకారం 2020 మార్చి 16 నుంచి కొత్త కార్డులు దేశంలోని ఏటీఎంలు, దుకాణాల మెషిన్లలో మాత్రమే పనిచేసేలా వస్తున్నాయి. విదేశీ వాడకాన్ని మనమే యాప్‌లో ఆన్‌ చేసుకోవాలి. ఏటీఎం, దుకాణం, ఆన్‌లైన్‌, ట్యాప్‌లకు విడివిడిగా మీటలుంటాయి. అవసరమైనవే తెరిచి, పరిమితి పెట్టుకోండి. విదేశీ సైట్లలో చాలావాటికి ఓటీపీతో పనిలేదు, కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు. ఆన్‌లైన్‌ మీట తెరిచి వదిలేస్తే ప్రమాదం ఇదే. ఓటీపీ అడిగేచోట అది ఇక్కడి సిమ్‌కే వస్తుంది కనుక రోమింగ్‌ ఇక్కడుండగానే పెట్టించుకోవాలి.

ముందే విదేశీ కరెన్సీ నింపుకునే ప్రీపెయిడ్‌ కార్డు, అంటే ఫారెక్స్‌ కార్డులో డాలర్లు వేసుకుని అమెరికాలో వాడితే మార్కప్‌ ఉండదు. అదే డాలర్ల కార్డును లండన్‌లో గీకితే పౌండ్లలోకి మార్చినందుకు ఫీజు పడుతుంది. కార్డు నింపే పని శంషాబాద్‌ విమానాశ్రయం కౌంటర్‌ దాకా వాయిదా వేయకండి, నగరంలోనే నాలుగు చోట్ల రేటు అడిగి తీసుకుంటే నయం. హోటల్‌ డిపాజిట్‌కూ, అద్దె కారుకూ మాత్రం క్రెడిట్‌ కార్డే వాడాలి. కారు కంపెనీలు చాలావరకు ప్రీపెయిడ్‌ కార్డు తీసుకోవు, కార్డు మీద డ్రైవర్‌ పేరే ఉండాలంటాయి. డెబిట్‌ కార్డు ఇస్తే డిపాజిట్‌ కింద వాళ్లు హోల్డ్‌ పెట్టిన (వాడుకోకుండా ఆపి ఉంచిన) డబ్బు రోజుల తరబడి మన ఖాతాలో బిగుసుకుపోతుంది. అమెరికాలో పెట్రోలు పోసే మెషిన్‌ జిప్‌ కోడ్‌ అడుగుతుంది. మన పిన్‌కోడ్‌ ఆరంకెలు, దానికి కావాల్సింది ఐదు. లోపలికి వెళ్లి క్యాషియర్‌ దగ్గర కట్టడమే దారి.

కార్డు పోతే? దాని వెనక ఉన్న నంబరూ దాంతోపాటే పోతుంది. పైగా 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు సాధారణంగా విదేశాల నుంచి కలవవు. +91తో మొదలయ్యే నంబరు వేరే ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసి పాస్‌పోర్టు సంచిలో కాకుండా విడిగా పెట్టుకోండి. బ్యాంకు తప్పూ, మన తప్పూ లేకుండా మూడో వ్యక్తి మోసం జరిగితే, ఆ లావాదేవీ గురించి బ్యాంకు మెసేజ్‌ వచ్చాక మూడు పనిదినాల్లోపు చెప్పిన ఖాతాదారు మీద భారం పడకూడదని రిజర్వ్‌ బ్యాంక్‌ 2017 జూలైలోనే ఆదేశించింది.

బ్యాంకులకు ఒక విన్నపం. యాప్‌లో విదేశీ వాడకం మీట నొక్కిన క్షణమే రెండు సంగతులు తెలుగులో కనిపించేలా చేయండి: స్థానిక కరెన్సీలోనే కట్టమన్న హెచ్చరిక, విదేశాల నుంచి కలిసే నంబరు. రుణాల ప్రకటనలను అదే తెర మీద తెలుగులో చూపించగలిగిన వాళ్లకు ఇది కష్టమైన పనేం కాదు.

– ఒక విశ్రాంత బ్యాంకు అధికారి, నల్లకుంట, హైదరాబాద్‌