ఆదివారం 6 గంటలకు: వన్యప్రాణుల ఆన్‌లైన్ అమ్మకాలపై కాల్

సభ్యులందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం 6 నుంచి 7 వరకు వీడియో కాల్. లింకు శనివారం ఇక్కడే పెడతాం.

ఈలోగా తలా ఒక అనుమానాస్పద ప్రకటన చూసి ఉంచండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. పోస్టు లింకు, ప్రొఫైల్ లింకు, తేదీ, సమయం కూడా రాసుకోండి.

"పెంపకంలో పుట్టిందే" అంటే నమ్మేయకండి. ఆఫ్రికన్ గ్రే చిలుక 2017 నుంచి సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కఠిన రక్షణ జాబితాలో ఉంది. పెంపకంలో పుట్టిందని గుర్తుగా పక్షి కాలికి రింగు వేస్తారు. అతుకు లేని రింగు పిల్లగా ఉన్నప్పుడే కాలికి ఎక్కుతుంది. అతుకున్నది పెద్ద పక్షికీ తొడగొచ్చు, అది రుజువే కాదు.

అమ్మేవాళ్లకు మెసేజ్ పెట్టొద్దు, జాగ్రత్తపడి అన్నీ తుడిచేస్తారు. జాలిపడి కొనొద్దు, ఆ బోనులోకి ఇంకొకటి వస్తుంది. ఫిర్యాదు ముందు వన్యప్రాణి అధికారులకు, ఆ తర్వాతే యాప్‌కు. యాప్ ముందే తొలగిస్తే ఆధారం పోతుంది.

కాల్‌లో రాబందుల సంగతీ ఉంటుంది. అవి పైన తిరుగుతూ వేట జరిగిన చోటు చెప్పేస్తాయని, వాటిని చంపడానికి వేటగాళ్లు ఏనుగు కళేబరానికి విషం పెడతారు. 2019లో బోట్స్వానాలో మూడు ఏనుగుల దగ్గర 500కు పైగా రాబందులు చచ్చాయి.

ఇంకో మాట: ప్రకటనల ఫొటోలు గ్రూపులో వేయొద్దు, అది వాళ్లకు ఉచిత ప్రచారం. వచ్చేవాళ్లు శనివారం రాత్రి 9లోపు "వస్తాను" అని పెట్టండి.