యూనిఫాంలో ఉన్న కొడుక్కి

చిరంజీవి చిన్నాకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఆవకాయ పెట్టడం అయింది. నీ వాటా మీ అమ్మ వేరే జాడీలో తీసి ఉంచింది. నీ ఉత్తరం నిన్న అందింది. 56 ఏ.పీ.ఓ. అనే సైన్యపు తపాలా ముద్ర చూడగానే చేతిలో పని వదిలేసి వచ్చి నా చేత చదివించుకుంది, తర్వాత తనే కూర్చుని మళ్ళీ చదువుకుంది. ఫోనులో చెప్పడానికి వీల్లేనివి, చెప్పడానికి మొహమాటపడేవి కాగితం మీద రాశావు. అందుకే నేనూ కాగితం తీసుకున్నాను.

సెలవు మధ్యలో రద్దయి నువ్వు వెనక్కి వెళ్ళిన రోజు విజయవాడ స్టేషన్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు నీ మెడలో దండ వేశారని రాశావు. టీ అమ్మే మనిషి డబ్బు తీసుకోలేదనీ, ఒక పెద్దాయన తన కింది బెర్తు నీకిచ్చి తాను పైకెక్కారనీ, కాలేజీ పిల్లలు రాత్రి పదకొండు దాకా వీడియోలు తీస్తూనే ఉన్నారనీ రాశావు. చివర ఒక వాక్యం ఉంది. "నేనింకా ఏమీ చేయలేదు కదా నాన్నా, సిగ్గేసింది" అని. అక్కడ ఆగిపోయాను. ఈ సంగతి మీద నీకు చెప్పవలసినది నా దగ్గర చాలా ఉంది. ఎందుకంటే నా మెడలోనూ దండలు పడ్డాయి. దండలు వేసిన వీధిలోనే మమ్మల్ని చూసి తలుపులు మూసుకోవడమూ చూశాను.

శ్రీలంక సంగతులు నీకెప్పుడూ వివరంగా చెప్పలేదు. చిన్నప్పుడు అడిగితే సముద్రం గురించి చెప్పి ఊరుకునేవాణ్ణి. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో అక్కడి తమిళుల సమస్య మీద ఒప్పందానికి సంతకాలు పెట్టారు. వెంటనే శాంతి కాపాడటానికని మన సైన్యం జాఫ్నాలో దిగింది. ముందు వెళ్ళింది మన సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్. సర్వీసులో చేరి ఎన్నాళ్ళో కాలేదు, మూతి మీద మీసం కూడా సరిగ్గా రాలేదు, నేనూ అందులో ఉన్నాను. జాఫ్నా జనం రోడ్డుకు రెండు వైపులా నిలబడి పూలు చల్లారు. ఆడవాళ్ళు బొట్లు పెట్టారు. పిల్లలు బండ్ల మీదికి ఎక్కేశారు. అక్కడ ఇళ్ళ చుట్టూ తాటాకు దడులుంటాయి. అలాంటి ఒక దడి దగ్గర ఒకావిడ మా సెక్షన్ మొత్తానికి టీ ఇచ్చింది. నాకు వచ్చిన నాలుగు అరవం ముక్కలతో అమ్మా అని పిలిస్తే ఆవిడ మురిసిపోయింది. తమను కాపాడటానికే మేము వచ్చామని వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మారు. మేమూ అదే నమ్మాం.

సెప్టెంబరులో నల్లూరు గుడి దగ్గర తిలీపన్ అనే తమిళ పులుల (ఎల్.టి.టి.ఇ.) కుర్రాడు మన ప్రభుత్వాన్ని డిమాండ్లు అడుగుతూ మంచినీళ్ళు కూడా ముట్టకుండా దీక్షకు కూర్చున్నాడు. 26వ తేదీన చనిపోయాడు. ఆ రోజు నుంచి జనం చూపు మారింది. అక్టోబరు రెండో వారానికి మాకూ పులులకూ యుద్ధమే మొదలైంది. ఆ నెల 21, 22 తేదీల్లో జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పులకు రోగులు, డాక్టర్లు, నర్సులు బలయ్యారు. నేను అక్కడ లేను. నేను వేసుకున్న యూనిఫాం అక్కడ ఉంది. తర్వాత ఒకరోజు గస్తీలో ఆ తాటాకు దడి ముందు నుంచే వెళ్ళాం. ఆవిడ వాకిట్లో ఉంది. మమ్మల్ని చూసి, పక్కనున్న పిల్లవాడి మొహాన్ని తన చీర కుచ్చెళ్ళలోకి తిప్పుకుని అలాగే నిలబడింది. నేను పేరుకు కూడా ఆవిడకు ఏ అపకారమూ చేయలేదు. కానీ ఆవిడ ఎవరిని చూసి భయపడాలో ఎవరిని నమ్మాలో విడివిడిగా తేల్చుకునే వీలు మేము ఇవ్వలేదు. అందరమూ ఒకే గుడ్డ కట్టుకున్నాం.

నీ సిగ్గుకు నా జవాబు ఇక్కడే ఉంది చిన్నా. దండ వేసినవాడు నిన్ను చూసి వేయలేదు. ముందు ఎవరో ప్రాణాలిచ్చారు, ఎవరో కొండ మీద రాత్రంతా మేలుకుని ఉన్నారు, వాళ్ళు అతనికి కనబడరు, నువ్వు కనబడ్డావు. అలాగే తలుపు మూసుకున్న మనిషి కూడా నిన్ను చూసి మూయదు. ఆ కనబడనివాళ్ళ తరఫున దండ తీసుకో, కళ్ళకద్దుకుని తీసి పక్కన పెట్టు. తలుపు మూసినా వాళ్ళ తరఫునే భరించు.

శ్రీలంక నుంచి మన బలగాలు 1990 మార్చిలో పూర్తిగా వచ్చేశాయి. ఆఖరి ఓడలు మద్రాసు రేవుకు చేరినప్పుడు జరిగిన స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. తమిళుల మీద తుపాకులెత్తిన సైన్యాన్ని తాను ఆహ్వానించలేనన్నది ఆయన పట్టు. ఆ మాటకు అప్పట్లో మా బ్యారక్‌లో చాలామంది రగిలిపోయారు. సుమారు 1,200 మందిని అక్కడ పోగొట్టుకుని వచ్చాం. వెళ్ళమన్నది మేము కాదు, రమ్మన్నదీ మేము కాదు. అలా పోయినవాళ్ళ పేర్లు చెక్కిన స్మారకాన్ని తర్వాత శ్రీలంక ప్రభుత్వం కొలంబో దగ్గర కట్టించింది. ప్రభుత్వం చేసిన నిర్ణయానికి జవానును నిలదీయడం అన్యాయం, ఈ మాట నేను ఎక్కడైనా ఎవరి ముందైనా చెబుతాను. నిర్ణయం తప్పనిపిస్తే ఢిల్లీని అడగాలి, రేవులో ట్రంకు పెట్టె మోసుకుంటూ దిగుతున్నవాణ్ణి కాదు. ఆ సెలవుకు మద్రాసు నుంచి ఇంటికి యూనిఫాంలోనే వచ్చాను. రైలు పెట్టెలో ఒక్కరూ ఎక్కడి నుంచి వస్తున్నావని అడగలేదు.

ఇక కార్గిల్. 1999లో నేను సెలవులో ఉండగానే పిలుపు వచ్చింది. అప్పటికి ఇంటింటా టీవీ ఉంది. యుద్ధాన్ని మన దేశంలో జనం ఇళ్ళల్లో కూర్చుని చూడటం అదే మొదలు. జమ్మూ వెళ్ళే రైల్లో రిజర్వేషన్ లేదు. ఎక్కిన పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. అయినా నా యూనిఫాం చూడగానే ఒక కుటుంబం సర్దుకుని కూర్చుని చోటిచ్చింది. ఝాన్సీ దాటాక ఒక చిన్న స్టేషన్లో బండి ఆగింది. ఒకావిడ ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకుంటూ వచ్చి కిటికీలోంచి స్టీలు డబ్బా అందించింది. పూరీలు, బంగాళాదుంప కూర. తిని డబ్బా ఇచ్చేద్దామనుకునేలోపు బండి కదిలింది. ఉంచుకో అన్నట్టు చెయ్యి ఊపింది. మూత మీద హిందీలో చుక్కలు చుక్కలుగా ఎవరిదో పేరు కొట్టి ఉంది, మన ఇళ్ళల్లో పెళ్ళి సామానుకు కొట్టించినట్టే. బహుశా పుట్టింటివాళ్ళిచ్చిన డబ్బా అయ్యుంటుంది. మీ అమ్మ దాన్ని కందిపప్పుకు వాడుతోంది, నువ్వు వెయ్యిసార్లు చూసి ఉంటావు.

ఆ వేసవిలోనే, జూన్ 28న, హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య టోలోలింగ్ ప్రాంతంలో ప్రాణాలిచ్చారు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. పూర్వపు యుద్ధాల్లో చనిపోయినవాళ్ళకు చాలావరకు సరిహద్దు దగ్గరే దహన సంస్కారాలు జరిగిపోయేవి, ఇంటికి కబురూ సామానూ వచ్చేవి. కార్గిల్‌లో మృతదేహాలను సొంత ఊళ్ళకు పంపారు. ఊరూరా జనం రోడ్ల మీదికి వచ్చారు. 527 మంది పోయిన ఆ యుద్ధం అలా దేశంలోని మారుమూల పల్లె దాకా వచ్చింది. ఆ కన్నీళ్ళు నటన కావు. నేను చూశాను.

మరుసటి ఏడాది అదే దారిలో, అదే యూనిఫాంలో వెళ్ళాను. ఒకాయన తన సీటు మీద పెట్టిన సూట్‌కేసు తీయమంటే విసుక్కున్నాడు. మీకు క్యాంటీన్లు, కోటాలు అన్నీ ఉన్నాయి కదా, మాతో పోటీ ఎందుకన్నాడు. ఆ రాత్రి తలుపు దగ్గరే కూర్చుని వెళ్ళాను. నాకు ఆయన మీద కోపం రాలేదంటే నమ్ము. యుద్ధం లేని రోజుల్లో ఆయనకూ టికెట్టుకు డబ్బు పెట్టిన ప్రయాణం అది. ఇంకో మాట కూడా చెప్పాలి. మనవాళ్ళు కొందరు గుంపుగా ఎక్కినప్పుడు పెట్టె తలుపులు వేసేసి ఆడవాళ్ళనూ ముసలివాళ్ళనూ కూడా ఎక్కనివ్వకపోవడం నేను కళ్ళారా చూశాను. అది పచ్చి దౌర్జన్యం. దండలు వేసేవాళ్ళ చేతులు అక్కడే బరువెక్కుతాయి. నీ పెట్టెలో అలాంటిది జరిగితే, చేసేది నీకు సీనియర్ అయినా సరే, లేచి నిలబడు.

ఈ వేసవి సంగతికి వస్తాను. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మే 7న మనవాళ్ళు జవాబిచ్చారు. 10న కాల్పులు ఆగాయి. ఈ మధ్యలో 9న, మన గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర పోయాడు. నీలాగే నాలుగేళ్ళ సర్వీసుకు చేరిన అగ్నివీర్. టీవీలో ఆ తండా చూస్తుంటే మీ అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. జనం వేలల్లో వచ్చారు. రావాలి. కానీ జనం వెళ్ళిపోయిన తర్వాత ఏళ్ళు ఎలా గడుస్తాయో నాకు తెలుసు. మన మండలంలోనే ఒక వీరనారి, అంటే సైనికుడైన భర్తను యుద్ధంలో పోగొట్టుకున్న మనిషి, ఉంది. భర్త పోయినప్పుడు ఆమె వాకిట్లో నిలబడటానికి చోటు లేదు, నాయకులు వరుస కట్టారు, స్థలం ఇస్తామన్నారు. ఆ కాగితం కోసం ఆమె తిరిగిన కార్యాలయంలో నేను పక్కన కూర్చున్నాను. గుమస్తా తల ఎత్తకుండా, ఏ యుద్ధం, ఏ సంవత్సరం అని అడిగాడు. ఆమె చెప్పింది. అతను ఇంకో జిరాక్సు కావాలన్నాడు. స్టేషన్లో నీకు దండ వేసిన జనంలో అలాంటి గుమస్తా కూడా ఉండే ఉంటాడు, నిజమైన భక్తితోనే వేసి ఉంటాడు. ఆ భక్తి ఆఫీసులో ఆమెకు కుర్చీ వేసే దాకా రావాలని నా కోరిక. నాకు వచ్చే పెన్షన్‌లో కూర్చుని ఈ మాట అంటున్నాను. నీకు నాలుగేళ్ళ తర్వాత ఆ పెన్షన్ ఉండదు. నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారు. యూనిఫాం విప్పిన రోజున నువ్వు ఉద్యోగం కోసం ఎవరి ముందు నిలబడతావో, ఆ మనిషి నిన్ను ఎలా చూస్తాడన్నదే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని విషయం.

వీడియోల మాట. వద్దని చెప్పడానికి మొహమాటపడ్డానని రాశావు. మొహమాటం వద్దు. ఏప్రిల్ 26నే కేంద్రం టీవీ వాళ్ళకూ సోషల్ మీడియా వాళ్ళకూ చెప్పింది, సైన్యం కదలికలు ప్రత్యక్షంగా చూపవద్దని. 2008 ముంబయి దాడుల సమయంలో ప్రత్యక్ష ప్రసారాల వల్ల జరిగిన నష్టం అందరికీ గుర్తుంది. పిల్లలకు చెడు ఉద్దేశం ఉండదు. నీ భుజం మీది గుర్తులు, వెనక కనబడే స్టేషను పేరు, నీతో ఉన్నవాళ్ళ సంఖ్య, అన్నీ ఆ వీడియోలో ఉంటాయి. నవ్వుతూ, "తమ్ముడూ, వద్దు, దయచేసి తీసెయ్యి" అను. తీసేస్తారు. ఏ యూనిట్, ఎక్కడికి అని అడిగితే ఉత్తరానికి అని చెప్పు, చాలు. ఎంతమందిని చంపావు అని అడిగేవాళ్ళూ ఉంటారు. శ్రీలంక నుంచి వచ్చాక నన్నూ అడిగారు. దానికి జవాబు చెప్పనవసరం లేదు, లేచి తలుపు దగ్గరికి వెళ్ళిపో.

టీ అమ్మే మనిషికి డబ్బు బలవంతంగా ఇవ్వాల్సిందా అని అడిగావు. ఇవ్వకపోవడమే సరి. రోజుకు అతనికి మిగిలేది ఎంతో నీకు తెలుసు, అందులోంచి ఇచ్చాడు. తిరస్కరిస్తే అతని మనసు నొచ్చుకునేది. కానీ రెండో టీ అడగకూడదు. బెర్తు ఇచ్చిన పెద్దాయన విషయంలో మాత్రం నువ్వు ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఆ వయసులో పైకెక్కడం కష్టం. మనకు వెన్ను గట్టిగానే ఉంది.

సర్పంచి గారు మొన్న ఇంటికి వచ్చారు. నువ్వు వచ్చే రోజున బస్టాండు నుంచి బాజాలతో ఊరేగింపు పెడతామన్నారు. వద్దన్నాను. కాస్త నొచ్చుకున్నారు. బదులుగా హైస్కూలు గ్రౌండులో పొద్దున్నే పరుగులు తీస్తున్న కుర్రాళ్ళతో ఒక పూట కూర్చుంటాడని మాటిచ్చాను. సైన్యంలో భర్తీ ర్యాలీ గురించి, నాలుగేళ్ళ సర్వీసు గురించి అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, పెంచి చెప్పకు, తగ్గించీ చెప్పకు. ఆ వీరనారి కొడుకు కూడా వాళ్ళలో ఉన్నాడు.

సెలవు మళ్ళీ ఎప్పుడు ఇస్తారో తెలియగానే రాయి. మేజోళ్ళు పంపమంటావా అని మీ అమ్మ అడగమంది, ఆవకాయ పార్సెల్ కారకుండా ఎలా కట్టాలో కూడా అడగమంది.

ఆశీస్సులతో,
నాన్న