పికప్‌కు అడాస్ కిట్టా? ఖాళీ బండి మీదే సెట్టింగ్ చేయించండి

సంపాదకులకు,

పాత బొలెరో పికప్పులకు, టాటా ఏస్‌లకు ‘అడాస్ కిట్’ పేరుతో, ప్రమాదం ముందుందని డ్రైవరును హెచ్చరించే కెమెరాలు, సెన్సర్లు బిగించే షాపులు పట్నాల్లో పెరుగుతున్నాయి. బిగించుకోవడం మంచిదే. కొత్త కార్లకు 2019 జులై 1 నుంచే రివర్స్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. చిక్కల్లా, కార్లకోసం చేసిన సామాన్ని పికప్‌కు కూడా కారుకు బిగించినట్టే బిగించి పంపేయడంతో వస్తోంది.

ముందు అద్దానికి అంటించే కెమెరా సంగతి. ఒక్క కెమెరాతో నడిచే కిట్లు చాలావరకు, ఎదుటి బండి చక్రం రోడ్డును తాకే చోటు చిత్రంలో ఎంత కిందుగా ఉందో చూసి దూరం లెక్కగడతాయి. పికప్‌లో సరుకు ఎక్కితే వెనక కమాన్ కట్టలు కుంగి ముక్కు పైకి లేస్తుంది, దాంతోపాటు కెమెరా చూపూ లేస్తుంది. ఖాళీ బండి మీద సెట్టింగ్ (కెమెరా ఎత్తు, చూపు కొలతలు కిట్‌లో నమోదు చేయడం) చేసిన, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉన్న కెమెరా 1 డిగ్రీ పైకి లేస్తే, 30 మీటర్ల దూరంలోని బండి దానికి 22 మీటర్లలోనే ఉన్నట్టు తోస్తుంది. తొందరపడి అరుస్తుంది, అంతే. అదే లోడు బండి మీద సెట్టింగ్ చేసి ఖాళీగా నడిపితే, ఆ 30 మీటర్లూ 48 మీటర్లుగా కనిపిస్తాయి. అప్పుడు హెచ్చరిక ఆలస్యమవుతుంది, ప్రమాదం అక్కడే. కాబట్టి టైర్లలో గాలి సరిచూసి, చదునైన చోట, ఖాళీ బండి మీదే సెట్టింగ్ చేయించాలి. లెన్స్ ఎత్తు అంచనాగా చెప్పొద్దు, టేపుతో కొలిచి నమోదు చేయించండి. లోడుతో వెళ్లేటప్పుడు ఊరికే అరుస్తోందని డ్రైవర్లు ప్లగ్గు పీకేస్తుంటారు. సెన్సిటివిటీ ఒక మెట్టు తగ్గిస్తే సరిపోతుంది. తెల్లగీతలు లేని ఊరి రోడ్డు మీద, బండి గీత దాటితే అరిచే లేన్ హెచ్చరిక పనిచేయదు. చీకట్లో లైట్లు లేని ట్రాక్టర్ ట్రక్కునో, రోడ్డుకు అడ్డంగా పడుకున్న గేదెనో కెమెరా పట్టుకుంటుందని నమ్ముకోవద్దు.

రివర్స్ సెన్సర్లు నేల నుంచి 50–70 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పికప్ వెనక ప్లాస్టిక్ బంపర్ ఉండదు. ఇనప పట్టీకే రంధ్రాలు వేస్తారు. కిట్‌తో వచ్చే రబ్బరు రింగు వేయకపోతే ఇనుము అదురుకి ఏమీ లేకపోయినా బీప్ కొడుతుంది. సెన్సర్ మీది బాణం గుర్తు పైకే ఉండాలి, తిరగబడితే నేలనే అడ్డమనుకుంటుంది. వెనక డోరు కిందికి వేలాడేసినా, రావులపాలెం అరటి గెలల ఆకులు, కడియం నర్సరీ మొక్కల కొమ్మలు, టార్పాలిన్ తాడు కొసలు సెన్సర్ ముందుకు జారినా అదే గోల. అన్నిటికంటే మోసం ఇనుప చువ్వలు. చువ్వలు మీటరు బయటికి ఉంటే, గోడ ఇంకా మీటరు దూరంలో ఉందని సెన్సర్ చెప్పే సమయానికి చువ్వ కొస గోడకు తగిలి ఉంటుంది. చువ్వలు అలా బయటికి పెట్టడమే తప్పనుకోండి, అది వేరే మాట.

అద్దాల్లో కనపడని పక్కలను రాడార్‌తో కనిపెట్టే బ్లైండ్ స్పాట్ కిట్టయితే ఇనప రేకు వెనక దాచకూడదు. రాడార్ తరంగం ఇనుమును దాటదు.

వైరింగ్‌లో కక్కుర్తి వద్దు. కార్ల కిట్‌లో వచ్చే వైరు పికప్ వెనక దాకా చాలక, మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. ఒక్క వానాకాలానికే ఆ అతుకు పచ్చగా చిలుముపడుతుంది. అతుకును సోల్డర్ చేసి, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగించండి. వైరును పైపులో దూర్చి, సైలెన్సర్‌కు, బ్రేకు పైపులకు ఎడంగా ఛాసిస్ వెంట తీసుకెళ్లాలి. సెన్సర్ల కంట్రోల్ బాక్సు క్యాబిన్‌లోనే ఉండాలి. కరెంటు విడి ఫ్యూజు నుంచే ఇవ్వాలి. ఆగి ఉన్నప్పుడూ రికార్డు చేసే కెమెరా అయితే, బ్యాటరీ 12 వోల్టుల దగ్గరికి దిగగానే ఆపేసే కిట్ వేయించకపోతే తెల్లారేసరికి బండి స్టార్టు కాదు.

ఇక ‘ఆటో బ్రేక్’ అంటూ పెడల్‌కు మోటారు తగిలించే బేరం. దాన్ని అసలు ఒప్పుకోవద్దు. కంపెనీ బండ్లలో ఆ పని చేసేది, తనంతట తానే బ్రేకు ఒత్తిడి పెంచగల హైడ్రాలిక్ యూనిట్. పాత పికప్‌లో అది లేదు. వంకర తిరిగిన మోటారు పెడల్‌కు అడ్డంపడితే, డ్రైవరు తొక్కే బ్రేకు కూడా పడదు.

సరుకు రవాణా బండ్లకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. రవాణా శాఖ అప్పుడే ఈ అతుకులను, ఫ్యూజులను, పెడల్ దగ్గరి బిగింపులను చూడాలి. పెడల్‌కు మోటారు తగిలించిన బండి కనిపిస్తే, దాన్ని తీయించేదాకా ఫిట్‌నెస్ ఇవ్వకూడదు.

– ఒక ఆటో ఎలక్ట్రీషియన్, తూర్పు గోదావరి జిల్లా